పెద్దమ్మగారి స్నానాలగది

గారు మాస్టారికి ఉన్న అలవాటు ఒక్కటే. నాలుగు కాళ్ళున్న ప్రతి జీవినీ ఆయన ‘మీరు’ అంటాడు, చివర ‘గారు’ తగిలిస్తాడు. రెండు కాళ్ళవాళ్ళకి, వాళ్ళు ఎంత పెద్ద కుర్చీలో కూర్చున్నా సరే, ఆ మర్యాద దక్కదు. విశ్వవిద్యాలయంలో గుర్రాల, పశువుల పెంపకం నేర్పే విభాగానికి ఆయన పెద్ద. దేశాలు తిరిగి చదువుకున్నవాడు, లావుపాటి పుస్తకాలు రాసినవాడు. అలాంటి మనిషి దారికి అడ్డంగా నిలబడ్డ ఆవు ముందు చేతులు కట్టుకుని, “వదినగారూ, కాస్త పక్కకి జరుగుతారా?” అని అడిగి, ఆవిడకి బుద్ధి పుట్టేదాకా ఎండలో నిలబడేవాడు. అదే దారిలో రిజిస్ట్రారు ఎదురైతే, “ఏమయ్యా, అడ్డం లే” అనేవాడు.

ఈ జబ్బు కథ చెప్పేవాళ్ళకి కూడా అంటుకుంటుంది. అంచేత ఇక్కడ గుర్రాలు ‘వచ్చారు’, ‘తిన్నారు’ అనీ, ప్రొఫెసరు ‘వచ్చాడు’, ‘తిన్నాడు’ అనీ కనిపిస్తే అచ్చుతప్పు అనుకోవద్దని మనవి.

ఆయనకి ఆ పేరు పెట్టింది విద్యార్థులు. పెట్టరా మరి? నోటి పరీక్షకి వెళ్ళిన ప్రతివాడికీ అదే గండం.

“గుర్రం వయసు ఎలా తెలుసుకుంటావు?”

“దాని పళ్ళు చూసి, సార్.”

“దాని అంటే?”

“అంటే... గుర్రం పళ్ళు, సార్.”

“గుర్రం పళ్ళని తెలిసింది. ‘దాని’ ఏంటి? మీ ఇంట్లో బల్లా అది?”

“వారి పళ్ళు చూసి, సార్.”

“ఆఁ. అలా మర్యాదగా అడుగు, వారే నోరు తెరుస్తారు.”

ఒకసారి కాస్త ధైర్యం ఉన్న అమ్మాయి లేచి, “మరి కోళ్ళకి గారు లేదేంటి సార్? అవి మాత్రం ఏం పాపం చేశాయి?” అని అడిగింది. గారు మాస్టారు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. “వాళ్ళకి నోరెక్కువమ్మా. వాళ్ళకెందుకు గారు?” అన్నాడు. ఇది పిచ్చికి తగ్గ సమాధానమే అనుకుని క్లాసంతా నవ్వింది. ఆ ముక్క మాత్రం గుర్తుపెట్టుకోండి, దానితో తర్వాత పనుంది.

ఇంతకీ ఈ కథ ఇంజనీరమ్మది. విశ్వవిద్యాలయంలో కట్టడాల విభాగంలో కొత్తగా చేరింది. చేరిన కొత్తలోనే, పై ఇంజనీరు బదిలీ మీద వెళ్ళిపోవడంతో, గుర్రాల విభాగానికి కట్టబోయే కొత్త సముదాయం మొత్తం ఆమె నెత్తిన పడింది. లాయం, ఆవుల కొట్టం, గొర్రెల దొడ్డి, చికిత్స చేసే గది, వానలో కూడా స్వారీ నేర్చుకునే పెద్ద షెడ్డు, అద్దాల కిటికీలోంచి పశువుల్ని చూస్తూ పాఠం వినే తరగతి గది, అన్నీ కట్టాలి. అంతకుముందు ఆమె సొంతంగా కట్టింది సైకిళ్ళ స్టాండు ఒక్కటే. అదైనా గాలికి ఊగుతోందని ఎవరో అన్నారు. ఈ భవనం సరిగ్గా వస్తే ఉద్యోగం ఖాయం అవుతుంది, లేకపోతే జన్మంతా సైకిళ్ళ స్టాండు ఇంజనీరు అనే పేరే మిగులుతుంది. దానికితోడు ఆమెకి నలుగురిలో గొంతు పెగలదు. పెద్దవాళ్ళు గట్టిగా మాట్లాడితే చాలు, “సరేనండి” తప్ప ఇంకో మాట రాదు.

మొదటిరోజే గారు మాస్టారికి ఫోన్ చేసింది.

“నమస్కారమండీ. కొత్త ఇంజనీరుని. మీ భవనం పని నాకిచ్చారు. ఇప్పుడొచ్చి స్థలం చూడొచ్చాండీ?”

“ఇప్పుడొద్దమ్మా. పెద్దమ్మగారు ఇప్పుడే నడుం వాల్చారు.”

“అయ్యో, ఒంట్లో బాగాలేదాండీ?”

“కాలు నొప్పి. రాత్రంతా నిలబడే ఉన్నారు.”

“పెద్దావిడని రాత్రంతా నిలబెట్టారా! కాస్త కూర్చోబెట్టకపోయారా?”

“కూర్చోరమ్మా. వారికి నిలబడే కునుకు తీయడం అలవాటు.”

“డాక్టరుకి చూపించారా మరి?”

“చూపించాం. లాడం మార్చమన్నాడు.”

ఇంజనీరమ్మ పుట్టి పెరిగిందంతా మేడ మీద వాటాల్లో. గుర్రాన్ని దగ్గరగా చూసిన పాపాన పోలేదు. లాడం అంటే ఏదో మాత్ర కాబోలు అనుకుంది. రోగిని చూడ్డానికి ఉత్తచేతుల్తో వెళ్ళడం ఏం బాగుంటుందని సాయంత్రం సంచినిండా పళ్ళు కొనుక్కుని బయల్దేరింది. లాయం గుమ్మంలో గారు మాస్టారు కనిపించగానే, “పెద్దమ్మగారికి ఎలా ఉందండీ?” అని జాలిగా అడిగింది. ఆయన పక్కకి తప్పుకున్నాడు. వెనక తెల్లటి ముసలి ఆడగుర్రం, బొద్దుగా, వెనక కాలు ఒకటి కాస్త ఎత్తిపెట్టి నిలబడి ఉన్నారు. ఇంజనీరమ్మ చేతిలో సంచి చాచినది చాచినట్టే ఉండిపోయింది. పెద్దమ్మగారు మాత్రం మెడ చాచి పళ్ళన్నీ తిన్నారు, తర్వాత సంచి కూడా సగం తిన్నారు.

“పరామర్శకి పళ్ళు తెచ్చిన మొదటి ఇంజనీరువి నువ్వే,” అన్నాడు గారు మాస్టారు ఎంతో తృప్తిగా. “ఇంతకుముందు వచ్చినవాళ్ళంతా టేపు తెచ్చారు.”

తర్వాత ఆమెని తీసుకెళ్ళి చుట్టాలందర్నీ పరిచయం చేశాడు. ఆంబోతు పేరు అల్లుడుగారు. పనేం చెయ్యరు, పెట్టిందల్లా తింటారు, కాస్త తేడా వస్తే అలుగుతారు, అందుకని ఆ పేరు. మేకపోతు వియ్యంకుడుగారు. ఎవరూ ఏమీ అనకపోయినా ఏదో అన్నారనుకుని కుమ్మడానికి వస్తారు. ఆవులంతా వదినగార్లు. కంచరగాడిద బావగారు. గొర్రెలు మాత్రం గుంపుగా తిరుగుతారు కాబట్టి ‘మేనత్తగార్లు’ అని కలిపి పిలుస్తాడు, విడివిడిగా గుర్తుపట్టడం ఆయనకి కూడా రాదు. ఇంజనీరమ్మ అందరికీ నమస్కారం పెట్టింది. పెట్టాక, పెట్టినందుకు తనలో తనే నవ్వుకుంది.

ఈ మర్యాద వల్ల బాగా కుమిలిపోయిన మనిషి ఒకాయన ఉన్నాడు. రిజిస్ట్రారు. ఎర్ర పెన్సిలు ఆయన చేతిలో ఆరో వేలు. విశ్వవిద్యాలయం అంతా “రిజిస్ట్రారు గారూ, రిజిస్ట్రారు గారూ” అంటూ ఆయన చుట్టూ తిరుగుతుంది. గారు మాస్టారొక్కడే “ఏమయ్యా” అంటాడు. ఒకసారి ఆయన తనిఖీకి వచ్చి, దారిలో నిలబడ్డ మేకపోతుని చూసి, “ఎవడ్రా అక్కడ, దీన్ని అవతలకి తోలండి!” అని కేకేశాడు.

“తోలడమేంటయ్యా?” అన్నాడు గారు మాస్టారు. “వియ్యంకుడుగారూ, ఇటు దయచేయండి అనాలి.”

“మేకకి దయచేయండేంటయ్యా, నీకేమైనా మతి పోయిందా?”

ఆ మాట వియ్యంకుడుగారికి నచ్చలేదు. నచ్చలేదని రిజిస్ట్రారుకి వెనకనుంచి తెలియజేశారు. రిజిస్ట్రారు దాణా తొట్టిలో తేలాడు. అంతా పరిగెత్తుకొచ్చి లేవదీస్తుంటే, గారు మాస్టారు అందర్నీ దాటుకుని మేకపోతు దగ్గరికెళ్ళి, “దెబ్బ తగల్లేదు కదండీ?” అని అడిగాడు. ఆ రోజునుంచి రిజిస్ట్రారు గుండెల్లో ఒక్కటే ముల్లు. “మేకకున్న విలువ కూడా నాకు లేదటే?” అని ఇంట్లో భార్యతో అనేవాడట. ఆవిడ, “మేక జోలికి మీరెందుకెళ్ళారు?” అనేదట.

ఇక అక్క సంగతి. లాయం ఊడ్చి, పేడ ఎత్తి, గడ్డి వేసి, గుర్రాలకి ఒళ్ళు తోమే ఆడవాళ్ళు కొందరు ఉన్నారు. వాళ్ళలో పెద్దది అక్క. నోరులేని మనిషి. పని తప్ప మాట ఉండదు. ఇంజనీరమ్మ కొలతలు తీసుకుంటూ ఒక సాయంత్రం గడ్డిమోపుల వెనక్కి వెళ్ళేసరికి, ఒకావిడ దుప్పటి అడ్డం పట్టుకుని నిలబడి ఉంది, దాని వెనక అక్క చీర మార్చుకుంటోంది.

“ఇక్కడ మార్చుకుంటున్నావేంటి అక్కా?”

“మరెక్కడమ్మా? ఈ బట్టల్తో బస్సెక్కితే పక్కన ఎవరూ కూర్చోరు. మార్చుకున్నా కూర్చోరనుకో. ఒంటికి పట్టిన వాసన నీళ్ళు పోసుకుంటే గాని పోదు కదా. నేను వెనక నిలబడే వెళ్తాను, నాకది అలవాటే. నా మనవరాలే, ‘అమ్మమ్మా, నువ్వు బడికి రావద్దు’ అంది. చిన్నపిల్ల, దానికేం తెలుసు.”

ఇదంతా ఏ బాధా లేనట్టు, వాన వచ్చేట్టుంది అన్నంత మామూలుగా చెప్పింది. ఇంజనీరమ్మ చేతిలో టేపు చుట్టేసింది. “కొత్త భవనంలో మీకో గది ఉంటుందక్కా. వేడినీళ్ళు, కూర్చోడానికి బల్ల, బట్టలకి కొక్కేలు, అలమర, తలుపుకి లోపలి గడియ, అన్నీ ఉంటాయి. నాదే పూచీ,” అంది. ఆ రాత్రికే ప్లానులో లాయం పక్కన గది గీసేసింది.

మర్నాడు రిజిస్ట్రారు ప్లాను పరిచి, ఎర్ర పెన్సిలు తిప్పుతూ ఆ గది దగ్గర ఆగాడు.

“ఇదేంటమ్మా?”

“పనివాళ్ళు స్నానం చేసి బట్టలు మార్చుకునే గదండీ.”

“వాళ్ళకి ఇళ్ళు లేవా?”

“ఉన్నాయండీ, కానీ బస్సులో...”

“మనం కట్టేది పశువుల విభాగం. వచ్చిన డబ్బంతా పశువుల పేరు మీద వచ్చింది. మనుషులకి గదులంటే పైవాళ్ళు నన్నడుగుతారు. తీసెయ్యి.”

బల్ల, అలమర, వేడినీళ్ళు, అన్నిటిమీదా అడ్డంగా ఎర్ర గీత పడింది. చెప్పాలనుకున్నవన్నీ ఇంజనీరమ్మ గొంతుదాకా వచ్చాయి. బయటికి మాత్రం, “సరేనండి,” అని వచ్చింది.

లాయానికి వచ్చి అక్కకి చెప్తే, “పర్లేదమ్మా, అడిగావు కదా, అదే చాలు,” అంది అక్క. ఆ ఓదార్పు ఇంకా గుచ్చుకుంది. పెద్దమ్మగారికి ఒళ్ళు తోముతున్న గారు మాస్టారి దగ్గరికెళ్ళి, కళ్ళనీళ్ళు తిప్పుకుంటూ జరిగిందంతా చెప్పింది. ఆయన బ్రష్షు ఆపలేదు. “ఊఁ” అన్నాడు. ఇంకాసేపు తోమి, “పెద్దమ్మగారూ, విన్నారా?” అన్నాడు. పెద్దమ్మగారు తోక విదిల్చారు. అంతే. ఇంజనీరమ్మకి ఒళ్ళు మండింది. ‘ఈయనకి గుర్రాల కాళ్ళనొప్పులు పడతాయి గాని మనుషుల కష్టం పట్టదు’ అనుకుని అక్కణ్ణించి వచ్చేసింది.

ఆ తర్వాతి సమావేశంలో గారు మాస్టారు గొంతు సవరించుకున్నాడు.

“పెద్దమ్మగారు ఒక కోరిక కోరారు.”

రిజిస్ట్రారు పెన్సిలు కింద పెట్టి తల పట్టుకున్నాడు. “ఏం కోరింది?”

“కోరారు.”

“సరేనయ్యా, ఏం కోరారు?”

“వారికి స్నానాలగది కావాలిట.”

రిజిస్ట్రారుకి ఇందులో వింత కనపడలేదు. గుర్రాల్ని కడగడానికి గది ప్రతి లాయంలోనూ ఉంటుందని ఆయనకి తెలుసు. “రాయమ్మా,” అన్నాడు ఇంజనీరమ్మతో.

“వేడినీళ్ళు,” అన్నాడు గారు మాస్టారు.

“కాలు నొప్పిగా, రాయమ్మా.”

“గోడవారగా ఒక బల్ల.”

“గుర్రం బల్ల మీద కూర్చుంటుందా?”

“కూర్చుంటారో లేదో వారి ఇష్టం. ఉండటం మర్యాద.”

“రాయమ్మా.”

“గోడకి కొక్కేలు, తాళం వేసుకునే అలమరలు.”

“అలమరలో ఏం పెడుతుందయ్యా? పెడతారయ్యా?”

“వారి సామాను. జీను, కళ్ళెం, దువ్వెన. ఒకరి దువ్వెన ఒకరికి వాడితే వారికి గిట్టదు. ఒక అద్దం.”

“అద్దమా!”

“ముసలివారైనంత మాత్రాన అద్దం చూసుకోకూడదని ఎక్కడైనా ఉందా? ఇక తలుపుకి లోపలివైపు గడియ.”

“లోపలినుంచి గుర్రం గడియ పెట్టుకుంటుందా?”

“వారికి సిగ్గెక్కువ.”

రిజిస్ట్రారు ఇంకా ఏదో అనబోయాడు. అంటే ఈ మనిషి పొద్దుగూకేదాకా పెద్దమ్మగారి మనోభావాలు వర్ణిస్తాడని, మధ్యాహ్నం భోజనం చల్లారిపోతుందని ఆయనకి అనుభవమే. పైగా గుర్రానికి అడిగితే కాదనడానికి కారణం లేదు, డబ్బు వచ్చిందే గుర్రాల కోసం. కళ్ళు మూసుకుని సంతకం పెట్టేశాడు. ఇంజనీరమ్మ మనసులో పళ్ళు నూరుకుంటూ రాసుకుంది. అక్కకి దుప్పటి చాటు, గుర్రానికి అద్దాలగది! గీసింది మాత్రం పక్కాగా గీసింది. గుర్రం సుఖంగా వెళ్ళి రావడానికి పెద్ద తలుపు పెట్టింది.

గోడలు లేచాయి. షెడ్డుకి కప్పు పడింది. అద్దాల తరగతి గది చూసి విద్యార్థులు మురిసిపోయారు. అల్లుడుగారు కొత్త కొట్టాన్ని ఒకసారి వాసన చూసి అలిగి, మళ్ళీ దాణా వెయ్యగానే అలక మానుకున్నారు. ఇంజనీరమ్మ పగలంతా నెత్తిన టోపీతో గోడల మధ్యే తిరిగేది. ఒక్కటంటే ఒక్క రోజు, జ్వరం వచ్చి సెలవు పెట్టింది. తిరిగి వచ్చేసరికి స్నానాలగదికి వెడల్పు గుమ్మం ఉండాల్సిన చోట, ఇంట్లో వంటగదికి పెట్టేలాంటి గుమ్మం బిగించి, చుట్టూ గోడ కట్టేసి ఉంది.

“ఏంటి మేస్త్రీ ఇది!”

“మాస్టారు చెప్పారమ్మా. పెద్దమ్మగారికి వెడల్పు తలుపు నచ్చలేదట.”

ఇంజనీరమ్మ టేపు పట్టుకుని లాయానికి పరిగెత్తింది. పెద్దమ్మగారి పొట్టకి అడ్డంగా టేపు పట్టింది. కితకితలు పుట్టి వారు సకిలించారు.

“మాస్టారూ! ఈవిడ ఆ తలుపులో పట్టరు!”

“చూశావా, నీకు కూడా ‘పట్టరు’ అనడం వచ్చేసింది.”

“నవ్వులాట కాదండీ. గుర్రం పట్టని గుర్రపుగది కట్టిన ఇంజనీరు అని నన్ను చచ్చేదాకా పిలుస్తారు. ఎల్లుండే ప్రారంభోత్సవం. ఇప్పుడు గోడ కొడితే మళ్ళీ కట్టే టైము లేదు. నా ఉద్యోగం పోతుంది!”

“కంగారుపడకు. జవాబు పెద్దమ్మగారే చెప్తారు.”

ఎంత బతిమాలినా ఆయన నోటినుంచి ఇంకో ముక్క ఊడిపడలేదు. అలాంటి మనిషితో వాదించడం కన్నా ఆంబోతుకి అర్జీ పెట్టుకోవడం నయం అనిపించింది ఆమెకి.

ప్రారంభోత్సవం రోజు వైస్ ఛాన్సలర్ మేడమ్ వచ్చింది. పెద్దగా మాట్లాడని మనిషి, కానీ చూడాల్సింది చూడకుండా వదలదు. రిబ్బను కత్తిరించింది, షెడ్డు చూసింది, తరగతి గదిలో కుర్చీలో కూర్చుని అద్దంలోంచి వదినగార్లని చూసింది. పక్కనే రిజిస్ట్రారు, కొత్త కోటులో, అంతా తన చేతుల మీదుగానే జరిగిందన్నట్టు ముందుండి చూపిస్తున్నాడు. వెనకాల ఇంజనీరమ్మ, ఆ గది దాకా వెళ్ళకుండా వాన పడితే బాగుండునని ఆకాశం వంక చూస్తూ నడుస్తోంది. ఆకాశం శుభ్రంగా ఉంది.

“ఇది ప్రత్యేకమండీ,” అన్నాడు రిజిస్ట్రారు. “గుర్రాలకి వేడినీళ్ళ స్నానాలగది. స్వయంగా నేనే మంజూరు చేశాను. ఏయ్, ఆ తెల్లగుర్రాన్ని తెచ్చి లోపలికి తీసుకెళ్ళి చూపించండి!”

అక్క తాడు పట్టుకుని పెద్దమ్మగారిని నడిపించుకొచ్చింది. వారు తలుపులోంచి తల పెట్టారు. మెడ వెళ్ళింది. భుజాలు గుమ్మానికి ఆనాయి. అక్కడ ఆగిపోయారు. ఎదురుగా అద్దం ఉంది. పెద్దమ్మగారు తమని తాము చూసుకున్నారు. తమకి తాము నచ్చినట్టున్నారు, ఇక కదల్లేదు. అక్క బుజ్జగించింది, మేస్త్రీ నెట్టాడు. వారు తోకతో మేస్త్రీ మొహం తుడిచి, అద్దంలోకే చూస్తూ నిలబడ్డారు. విద్యార్థులు నోళ్ళు మూసుకుని నవ్వడం మొదలెట్టారు, తర్వాత మూసుకోవడం మానేశారు. చివరికి గారు మాస్టారు వచ్చి, “పెద్దమ్మగారూ, ఇక చాలు, దయచేయండి,” అంటే అప్పుడు వెనక్కి వచ్చారు.

మేడమ్ నవ్వలేదు. “ఈ తలుపు కొలత ఎవరిది?” అంది.

“ఇంజనీరమ్మదేనండీ,” అన్నాడు రిజిస్ట్రారు గబగబా. “కొత్త పిల్ల. పెద్ద పొరపాటు చేసింది. రేపే సంజాయిషీ అడుగుతాను.”

అందరూ ఇంజనీరమ్మ వంక తిరిగారు. ‘సరేనండి’ నాలుక చివరిదాకా వచ్చేసింది. ఎవరి మొహమూ చూడలేక తెరిచి ఉన్న తలుపులోంచి లోపలికి చూసింది. బల్ల. మనిషి చేతికి అందే ఎత్తులో కొక్కేలు. తాళాల అలమరలు. లోపలి గడియ. అద్దంలో ఇప్పుడు పెద్దమ్మగారు లేరు. తాడు పట్టుకుని గుమ్మం ముందు నిలబడ్డ అక్క కనపడుతోంది, జారిన ముడి సరిచేసుకుంటోంది.

ఇదంతా తను గీసిన గదే. ఎర్ర పెన్సిలు కొట్టేసిన ప్రతి వస్తువూ, చోటు కూడా మారకుండా, మళ్ళీ తనచేతే రాయించాడు ఈ మనిషి. అద్దం ఒక్కటే ఎక్కువ వేశాడు. ఇన్నాళ్ళూ తిట్టుకుంటూ రాసుకుంది తను! ఇంజనీరమ్మకి సిగ్గు, సంతోషం ఒక్కసారే ముంచుకొచ్చాయి. భయం ఎటుపోయిందో పోయింది.

“తలుపులో పొరపాటేం లేదండీ,” అంది. గొంతు తనదేనా అన్నంత గట్టిగా వచ్చింది. “మనిషి పట్టడానికి కొలత సరిపోతుంది.”

“గుర్రపుగదికి మనిషి పట్టే తలుపా?”

“ఇది మనుషుల గదేనండీ. లాయంలో పనిచేసే ఆడవాళ్ళు గడ్డిమోపుల చాటున బట్టలు మార్చుకుంటున్నారు. ఈ వాసనతో బస్సెక్కితే పక్కన ఎవరూ కూర్చోవడంలేదు. మొదటి ప్లానులో నేను గీసింది ఈ గదే.”

“మరి మొదటి ప్లానులోంచి ఎందుకు పోయింది?” అంది మేడమ్.

కొత్త కోటులో రిజిస్ట్రారు మొహం పాలిపోయింది. పెదవులు కదిలాయి గాని మాట రాలేదు. కొట్టేసింది తనే అంటే ఒక తప్పు, గుర్రానికి అద్దం, బల్ల, గడియ మంజూరు చేశానంటే ఇంకో తప్పు. ఏ తప్పు ఒప్పుకోవాలో తెలియక గుడ్లప్పగించి నిలబడ్డాడు.

అప్పుడు గారు మాస్టారు ముందుకొచ్చాడు.

“రిజిస్ట్రారు గారే తీయించారు,” అన్నాడు.

విద్యార్థుల నవ్వు ఆగిపోయింది. మేస్త్రీ చేతిలో తాపీ జారింది. గారు మాస్టారి నోట మనిషికి ‘గారు’! అక్కడున్న వాళ్ళంతా సరిగ్గా విన్నామా అని ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

“పనివాళ్ళ గది అని విడిగా రాస్తే పైన ఎవరైనా అడ్డుపడతారని, గుర్రాల లెక్కలో కలిపి మంజూరు చేశారు రిజిస్ట్రారు గారు. లేకపోతే గుర్రానికి అద్దం అంటే అంత చదువుకున్న మనిషి సంతకం పెడతారా? ఆలోచనంతా రిజిస్ట్రారు గారిదే.”

మేడమ్ గదిలోకి వెళ్ళింది. గడియ ఒకసారి వేసి తీసి చూసింది. కుళాయి తిప్పి నీళ్ళ వేడి చూసింది. బయటికొచ్చి రిజిస్ట్రారు చెయ్యి పట్టుకుని ఊపింది. “ఇన్నేళ్ళలో ఇలాంటి పని చేసినవాళ్ళని చూడలేదండీ,” అంది.

“అబ్బే,” అన్నాడు రిజిస్ట్రారు. కోటు సరిచేసుకున్నాడు. “ఏదో... వాళ్ళు బస్సులో... ఇబ్బంది కదండీ.” అంటూనే గారు మాస్టారి వంక చూశాడు. ఆ చూపులో ఎన్నేళ్ళ ముల్లో ఊడివచ్చినట్టు కనపడింది.

ఆ సాయంత్రం అంతా వెళ్ళిపోయాక ఇంజనీరమ్మ లాయంలో ఆయన్ని పట్టుకుంది.

“నాకొక్కమాట ముందే చెప్పొచ్చు కదా మాస్టారూ? ప్రాణం పోయిందనుకోండి!”

“చెప్తే నీ మొహంలో తెలిసిపోయేది. అబద్ధం ఆడే మొహం కాదు నీది.”

“మరి రిజిస్ట్రారుని గారు అన్నారేంటి? నాలుగు కాళ్ళు లేవుగా ఆయనకి?”

ఆయన బ్రష్షు ఆపి, ఇన్నాళ్ళకి తిన్నగా జవాబు చెప్పాడు. “కాళ్ళ లెక్క మీరు పెట్టుకున్నది. నా లెక్క నోరు. నోరున్నవాళ్ళు మర్యాద అడిగి పుచ్చుకుంటారు. నోరులేని వాళ్ళకి మనమే ఇవ్వాలి. పాపం, ఇవాళ కాసేపు ఆయనకి కూడా నోరు పడిపోయింది కదమ్మా. అందుకని అన్నాను.”

పక్కన నీళ్ళు పడుతున్న అక్క, ఎప్పుడూ లేనిది, తనంతట తను మాట్లాడింది. “ఈయన రాకముందు మమ్మల్ని ‘ఏయ్ పేడా’ అని పిలిచేవాళ్ళమ్మా. ఈయనొచ్చి గుర్రాన్నీ మేకనీ గారు, గారు అని అందరిచేతా అనిపించాడు. గుర్రాన్ని గారు అన్న నోటితో మమ్మల్ని పేడా అనడానికి వాళ్ళకే సిగ్గేసి మానేశారు. మమ్మల్ని అలా అనొద్దని ఈయన ఒక్కరోజూ ఎవరినీ తిట్టింది లేదు.” ఇంత పొడుగు మాట మాట్లాడినందుకు తనే కంగారుపడి బకెట్టు తీసుకుని వెళ్ళిపోయింది.

ఇంజనీరమ్మ ఇంకో బ్రష్షు తీసుకుని పెద్దమ్మగారి రెండోవైపు తోమడం మొదలెట్టింది. చివరికి, “మరి నాకెప్పుడంటారు గారు?” అంది.

“నీకా? మేడమ్ ముందు అంత గట్టిగా మాట్లాడావు. నీకు నోరొచ్చేసిందమ్మా, ఇక నీకెందుకు?” అని, గుర్రం వైపు తిరిగి, “చూశారా పెద్దమ్మగారూ, ఎలా అడుగుతోందో,” అన్నాడు.

ఇంజనీరమ్మ ఉద్యోగం ఖాయమైంది. ప్రారంభోత్సవానికి గది మీద పెట్టిన బోర్డు మాత్రం మారలేదు. ‘పెద్దమ్మగారి స్నానాలగది’ అని పెద్ద అక్షరాలతో అలాగే ఉంది. మారిస్తే మళ్ళీ మంజూరు కావాలి, ఆ గొడవలోకి వెళ్ళడానికి ఎవరూ సిద్ధంగా లేరు. సాయంత్రమయ్యేసరికి ఆడవాళ్ళంతా అక్కడ తలారా నీళ్ళు పోసుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని బస్సెక్కుతారు. అక్క ఇప్పుడు కిటికీ పక్కన కూర్చుని వెళ్తోంది. మనవరాలి బడికి కూడా వెళ్ళొచ్చిందట.

ఆ మధ్య రిజిస్ట్రారు తనిఖీకి వచ్చి, అలవాటుకొద్దీ ఆ తలుపు దబదబా బాదాడు.

“ఎవరదీ?” అంది లోపలినుంచి అక్క గొంతు. “ఆగండి! పెద్దమ్మగారు తల దువ్వుకుంటున్నారు.”

పెద్దమ్మగారు ఆయన కళ్ళెదుటే, చెట్టుకింద, వియ్యంకుడుగారి పక్కన నిలబడి గడ్డి తింటున్నారు. రిజిస్ట్రారు వారివంక చూశాడు. తలుపువంక చూశాడు. తర్వాత రెండడుగులు వెనక్కి వేసి, చేతులు కట్టుకుని ఎండలో నిలబడ్డాడు.

“తొందరేం లేదండీ,” అన్నాడు. “నిదానంగా కానివ్వమనండి.”